క్లారినెట్ సంగీతం: మంద్రస్థాయి నుంచి వినడం మొదలుపెట్టండి

మీరు మూడు విషయాలు అడిగారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోనూ జాజ్‌లోనూ క్లారినెట్ మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఏవి అన్నది మొదటిది. రెండు సంప్రదాయాల్లోనూ వాయించేది ఒకే వాద్యమైతే వినడానికి అంత వేరుగా ఎందుకు ఉంటుంది అన్నది రెండోది. ఒకప్పుడు జాజ్‌లో ముందు వరుసలో వెలిగిన ఈ వాద్యం తరువాత సాక్సఫోన్ వెనక్కి ఎందుకు వెళ్లిపోయింది అన్నది మూడోది. ముప్పై ఏళ్లుగా ఈ వాద్యం వాయిస్తున్నాను, కొన్నేళ్లుగా నేర్పుతున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరనివి మూడు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ క్లారినెట్‌కూ నాలుగు తంత్రీ వాద్యాలకూ కలిపి రాసిన క్లారినెట్ క్వింటెట్‌లోని రెండో భాగం ఒకటి. ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియర్ మెసియాన్ యుద్ధఖైదీగా ఉన్నప్పుడు నలుగురు వాద్యకారుల కోసం పూర్తిచేసిన క్వార్టెట్‌లో క్లారినెట్ ఒంటరిగా పలికే ‘పక్షుల అగాధం’ ఒకటి. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన సిడ్నీ బెషే 1944లో రికార్డు చేసిన ‘బ్లూ హొరైజన్’ అనే విలంబ గతి బ్లూస్ ఒకటి. ఒకదానికొకటి ఏ మాత్రం పోలిక లేని లోకాలివి. అయినా మూడింటిలోనూ నన్ను కట్టిపడేసేది ఒకటే. ప్రతిదాని వెనకా ఫలానా మనిషి ఊపిరి వినిపిస్తుంది.

క్లారినెట్ చరిత్రంతా ఇలాగే నడిచింది. ఎవరో ఒక స్వరకర్త ఎవరో ఒక వాద్యకారుడి నాదం విని మనసు పారేసుకుంటాడు, ఆ నాదం కోసమే రాస్తాడు. స్టాడ్లర్ లేకపోతే మొజార్ట్ కన్చెర్టో (ఒక వాద్యం ముందుండగా వాద్యబృందం తోడు వాయించే రచన) లేదు. బేర్మన్ లేకపోతే వెబర్ కన్చెర్టోలు లేవు. మ్యూల్‌ఫెల్డ్ లేకపోతే బ్రామ్స్ చివరి ఏళ్లలో రాసిన క్లారినెట్ రచనలు నాలుగూ లేవు. జాజ్‌లో ఈ మధ్యవర్తిత్వం కూడా లేదు, వాయించేవాడే అక్కడికక్కడ మనోధర్మంతో రచన చేస్తాడు. అందుకే కొత్తగా వింటున్నవారికి నేనెప్పుడూ ఒకటే చెబుతాను: రచనల పట్టిక వెంట పరిగెత్తకండి, వాయించిన మనుషుల వెంట వెళ్లండి.

అంతకన్నా ముందు వాద్యం స్వభావం కొంచెం తెలియాలి. అది తెలిస్తే మీ రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ సగం జవాబు దొరికినట్టే. సన్నాయికి రెండు పొరల రీడు ఉంటుంది, క్లారినెట్‌కు ఒకే పొర. వెదురును పోలిన ఒక జాతి రెల్లును సన్నగా చెక్కి మౌత్‌పీస్‌కు బిగిస్తారు. పై పళ్లు మౌత్‌పీస్ మీద ఆనుతాయి, కింది పెదవి కింది పళ్ల మీదుగా మడతపడి రీడుకు మెత్తగా ఆనుతుంది. ఊదినప్పుడు కంపించేది ఆ రెల్లు ముక్క ఒక్కటే. కొత్త రీడును వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే మధ్యలో దట్టంగా, అంచుల వైపు పలచగా నీడ కనిపిస్తుంది. ఆ నీడ రెండు పక్కలా సమంగా లేకపోతే ఎంత మంచి వాద్యమైనా సరిగా పలకదు. ఒక పెట్టెలో ఉన్న పది రీడుల్లో కచేరీకి పనికొచ్చేవి రెండో మూడో దొరికితే సంతోషించేవాళ్లం మేము.

లోపలి గొట్టం మొదటి నుంచి దాదాపు చివరి దాకా ఒకే వెడల్పుతో ఉంటుంది, రీడు ఉన్న వైపు మూసుకున్నట్టే లెక్క. దీనివల్ల ఒక వింత జరుగుతుంది. వేణువులోనో సాక్సఫోన్‌లోనో వేళ్లు కదపకుండా పై స్థాయికి వెళితే, మంద్రంలో షడ్జం పలికినచోట మధ్యస్థాయి షడ్జమే వస్తుంది. క్లారినెట్‌లో అలా రాదు. బొటనవేలితో రిజిస్టర్ కీ తెరవగానే మధ్య షడ్జాన్ని దాటి ఏకంగా దాని పంచమం మీదకు ఎగురుతుంది. అంటే కింది స్థాయిలో నేర్చుకున్న వేళ్ల అమరిక పై స్థాయిలో వేరే స్వరాలను పలికిస్తుంది. మధ్యలో మిగిలిన ఖాళీని పూరించడానికి ప్రత్యేకమైన కీలు కావాలి. 18వ శతాబ్దం మొదట్లో న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ అనే వాద్యాల తయారీదారు షలుమో అనే పాత వాద్యాన్ని మెరుగుపరిచి దీనికి రూపమిచ్చాడు. ఆ పూర్వీకుడి పేరు ఇప్పటికీ పోలేదు. క్లారినెట్ మంద్రస్థాయిని నేటికీ షలుమో అనే పిలుస్తారు.

కింది స్థాయి ముగిసి పై స్థాయి మొదలయ్యే చోటును మేము బ్రేక్ అంటాం. అక్కడ ఒక స్వరానికి వేళ్లు దాదాపు అన్నీ గాలిలో ఉంటాయి, దాని పక్క స్వరానికి దాదాపు అన్నీ ఒకేసారి రంధ్రాల మీద వాలాలి. ఒక్క వేలు వెంట్రుకవాసి ఆలస్యమైనా కీచుమంటుంది. నేర్చుకునే రోజుల్లో నేను ఈ రెండు స్వరాల మధ్యే నాలుగు నెలలు గడిపాను. మా గురువుగారు వెనక నిలబడి, ‘వేళ్లను కాదు, గాలిని చూడు, గాలి తెగకూడదు’ అనేవారు. ఒకరోజు గాలి తెగలేదు. గది మొత్తం ఒకే స్వరంతో నిండి, ఆ స్వరమే మెల్లగా పక్కకు జరిగినట్టు అనిపించింది. గొప్ప వాద్యకారులను వింటున్నప్పుడు నా చెవి ఇప్పటికీ ఆ చోటు కోసమే వెతుకుతుంది.

ఇక రచనల దగ్గరకు వస్తాను. మొజార్ట్ క్లారినెట్‌ను మాన్‌హైమ్ వాద్యబృందంలో దగ్గరగా విని ముచ్చటపడ్డాడు. మనకూ క్లారినెట్లు ఉంటే ఎంత బాగుండు అని 1778లో తండ్రికి ఉత్తరం రాశాడు. తరువాత వియన్నాలో ఆంటన్ స్టాడ్లర్ స్నేహం దొరికింది. స్టాడ్లర్‌కు మంద్రస్థాయి అంటే ప్రాణం. మామూలు వాద్యం కన్నా ఇంకో నాలుగు అర్ధస్వరాలు కిందికి దిగే ప్రత్యేకమైన క్లారినెట్ వాయించేవాడు. దాన్నే ఇప్పుడు బాసెట్ క్లారినెట్ అంటున్నాం. 1789లో క్వింటెట్, 1791లో కన్చెర్టో, రెండూ ఈ స్టాడ్లర్ కోసమే. కన్చెర్టో పూర్తయిన రెండు నెలలకే, ఆ ఏడాది డిసెంబరు 5న మొజార్ట్ చనిపోయాడు.

కన్చెర్టో రెండో భాగాన్ని మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. చిన్నపిల్లలు కూడా పాడగలిగేంత సరళమైన రాగం. క్లారినెట్ ముందు మెల్లగా ఎత్తుకుంటుంది, వాద్యబృందం నిండుగా బదులిస్తుంది. అసలు సంగతి ఆ రాగం చివర్లో తిరిగి వచ్చేచోట ఉంది. స్వరాలు అవే, ఊపిరి మాత్రం సగానికి తగ్గుతుంది. ఎంత మెల్లగా వాయించినా నాదం గరగరలాడకుండా, చిరగకుండా నిలబడటం ఈ వాద్యానికి ఉన్న వరం. నాకు తెలిసి మరే సుషిర వాద్యమూ నిశ్శబ్దానికి ఇంత దగ్గరగా వెళ్లలేదు. మొజార్ట్ ఆ వరాన్ని సరిగ్గా అక్కడ వాడుకున్నాడు.

ఈ రచన విషయంలో ఒక మాట తప్పకుండా చెప్పాలి. మొజార్ట్ స్వహస్తంతో రాసిన ప్రతి పోయింది. 19వ శతాబ్దం ఆరంభంలో అచ్చయిన ప్రతులు మామూలు క్లారినెట్‌కు సరిపోయేలా మార్చినవి. అందుకే సాధారణ వాద్యం మీద వింటే కొన్నిచోట్ల రాగం కిందికి దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి పై స్థాయికి గెంతుతుంది. మెట్లు దిగుతున్న మనిషి చివరి మెట్ల దగ్గర మాయమై పై అంతస్తులో కనిపించినట్టు ఉంటుంది. బాసెట్ క్లారినెట్ మీద వాయించినప్పుడు ఆ మెట్లన్నీ దిగుతుంది, కథ తెలిసివస్తుంది. సబీనా మేయర్ డ్రెస్డెన్ వాద్యబృందంతో చేసిన రికార్డింగు ఇలాంటిదే. అయినా నాకు మనసులో నిలిచిపోయిన పాత రికార్డింగు వేరే ఉంది. థామస్ బీచమ్ నిర్వహణలో జాక్ బ్రైమర్ మామూలు వాద్యం మీదే వాయించాడు. తొందర అన్నది ఆ మనిషికి తెలియదేమో అనిపిస్తుంది.

వెబర్ గురించి ఎక్కువ చెప్పను. హైన్రిక్ బేర్మన్ కోసం 1811లో ఒక కన్చెర్టీనో (చిన్న కన్చెర్టో) రాశాడు, అది బవేరియా రాజుకు నచ్చి ఇంకో రెండు కన్చెర్టోలు రాయించుకున్నాడు. మూడూ ఒకే ఏడాది పుట్టాయి. మూడూ ఒపేరా వేదిక మీది గాయని వాద్యం రూపం ఎత్తి వచ్చినట్టు ఉంటాయి. వేళ్ల చురుకుదనం చూపించుకోవడానికి అందరూ మూడో భాగాలు వాయిస్తారు. ఎఫ్ మైనర్ కన్చెర్టో మధ్యభాగంలో క్లారినెట్, కొమ్ము వాద్యాలు మాత్రమే మాట్లాడుకునే చోటు వినండి, వెబర్ అసలు మనసు అక్కడ ఉంది.

బ్రామ్స్ దగ్గర మాత్రం ఆగుతాను. 1890 నాటికి ఇక రాసింది చాలు అనుకున్నాడు. ఒక స్ట్రింగ్ క్వింటెట్ పూర్తిచేసి కలం పక్కన పెట్టే ఆలోచనలో ఉన్నాడు. 1891 మార్చిలో మైనింగెన్ వెళ్లినప్పుడు అక్కడి వాద్యబృందంలో రిచర్డ్ మ్యూల్‌ఫెల్డ్‌ను విన్నాడు. ఈ మ్యూల్‌ఫెల్డ్ మొదట అదే బృందంలో వయొలిన్ వాయించేవాడు, క్లారినెట్ స్వయంగా నేర్చుకున్నాడు. నాదంలోని మృదుత్వానికి మురిసిపోయి బ్రామ్స్ అతన్ని ‘క్లారినెట్ కుమారి’ అని ముద్దుగా పిలిచేవాడు. ఆ వేసవిలోనే ఒక ట్రియో, ఒక క్వింటెట్ వచ్చాయి. 1894లో రెండు సొనాటాలు వచ్చాయి. విరమించుకున్న చేతిని ఒక మనిషి ఊపిరి మళ్లీ కాగితం మీదకు తెచ్చింది.

క్వింటెట్ ఎలా మొదలవుతుందో గమనించండి. ముందు వయొలిన్లు రెండూ జంటగా ఒక చిన్న పలుకు పలుకుతాయి. అది సంతోషమో విచారమో తేలదు, ఏ శ్రుతిలో ఉన్నామో కూడా తేలదు. నాలుగు గతులు (తాళాన్ని విడగొట్టే కొలతలు, బార్లు) గడిచాక, అయిదో గతిలో క్లారినెట్ కింది నుంచి మెల్లగా పైకి లేస్తుంది. అప్పటిదాకా అది వేదిక మీద ఉన్న సంగతే మరిచిపోయి ఉంటాం. నేను ఈ రచనను మొదటిసారి నలుగురు తంత్రీ వాద్యకారులతో కలిసి సాధన చేసినప్పుడు ఆ ప్రవేశం పదిసార్లు తప్పాను. స్వరాలు తప్పలేదు, బయటపడటం తప్పాను. ప్రతిసారీ నా మొదటి స్వరం మిగతావాళ్ల పక్కన వేరుగా కనిపించేది. చివరికి చెల్లో వాయించే ఆమె, ‘మీరు మొదలుపెట్టకండి, మేము వాయిస్తున్నదాంట్లోంచే లేవండి’ అన్నారు. నేను ఊదడానికి ముందే ఆమె విల్లు కదలికతో పాటు ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాను, అప్పుడు కుదిరింది.

రెండో భాగంలో తంత్రీ వాద్యాలకు నాదాన్ని మందగించే మ్యూట్ తగిలిస్తారు. ఆ మసక వెలుతురులో క్లారినెట్ జోలపాట లాంటి పలుకును అందుకుంటుంది. మధ్యకు వచ్చేసరికి పాట ఒక్కసారిగా తెగిపోయి, హంగేరీ జిప్సీ వాద్యకారుల తరహాలో క్లారినెట్ ఆలాపనలోకి దిగుతుంది. తాళం కట్టుబాటు సడలినట్టు ఉంటుంది. మంద్రం నుంచి తారానికి ఒక్క ఊపున లేచి, అక్కడి నుంచి జలజలా రాలిపడుతుంది. రాగాలాపన విన్న చెవికి ఇది ఏ మాత్రం కొత్తగా తోచదు. నిజానికి ప్రతి స్వరమూ రాసి ఉంది, విన్నవారికి మాత్రం అప్పటికప్పుడు పుట్టినట్టే ఉండాలి. జాజ్ వైపు వెళ్లే దారి నాకు ఇక్కడే కనిపిస్తుంది. చివరి భాగంలో మొదటి పలుకు తిరిగి వస్తుంది, ఒక గట్టి ఘాతం, దాని వెనకే మెత్తగా అదే మైనర్ స్వరసముదాయం, అంతే. నా దగ్గర నలిగిపోయినవి రెండు రికార్డింగులు: 1937లో బుష్ క్వార్టెట్‌తో రెజినాల్డ్ కెల్ చేసినది, 1960ల్లో అమడేయస్ క్వార్టెట్‌తో కార్ల్ లైస్టర్ చేసినది. కెల్ నాదంలో కంపితం ఉంటుంది, గొంతు వణికినట్టు. లైస్టర్ నాదం నిశ్చలంగా ఉంటుంది. జర్మన్ సంప్రదాయంలో కంపితాన్ని సాధారణంగా ఒప్పుకోరు. మొదట కెల్‌ను వినమంటాను.

మెసియాన్ కథ తెలిసినదే అయినా క్లుప్తంగా చెప్పాలి. 1940లో జర్మన్లకు పట్టుబడిన ఫ్రెంచ్ సైనికుల్లో మెసియాన్, క్లారినెట్ వాద్యకారుడు అన్రీ అకోకా ఉన్నారు. అకోకా దగ్గర అతని వాద్యం ఉంది. అతని కోసమే మెసియాన్ ఈ ఒంటరి భాగాన్ని రాశాడు. గ్యోర్లిట్జ్ దగ్గరి ఖైదీల శిబిరంలో 1941 జనవరి 15న మొత్తం క్వార్టెట్‌ను తోటి ఖైదీల ముందు, కాపలాదారుల ముందు వాయించారు. ‘పక్షుల అగాధం’లో కొన్ని స్వరాలు ఉన్నాయి. శూన్యం నుంచి పుట్టి, ఒకే స్వరం మీద నిలబడి, ఊపిరి చివరి బొట్టు దాకా పెరుగుతూ పెరుగుతూ చెవి పట్టలేనంత పెద్దదవుతుంది. ఇంతకు మించి అక్కడ ఏమీ జరగదు. నేను దాన్ని వేదిక మీద వాయించింది రెండుసార్లే. స్వరం ఎప్పుడు మొదలైందో ముందు వరుసలోని వారికి కూడా తెలియకూడదు. దానికోసం నాలుకను రీడుకు తాకించకుండా గాలిని పంపుతూ ఉండాలి. ముందు వట్టి గాలి, తరువాత ఏ క్షణానో నాదం. ఆ క్షణం మన చేతిలో లేదు, రీడు చేతిలో ఉంది. ఆ తరువాత పక్షులు వస్తాయి, కాలాన్ని లెక్కచేయనట్టు కూస్తాయి. తాషి బృందంతో రిచర్డ్ స్టోల్ట్‌జ్‌మన్ వాయించిన రికార్డింగును మించి మరొకటి నాకు దొరకలేదు.

ఇక జాజ్. న్యూ ఆర్లీన్స్ తొలి బృందాల్లో పని విభజన స్పష్టంగా ఉండేది. కార్నెట్ పాటను నడిపేది, ట్రాంబోన్ కింద పునాది వేసేది, క్లారినెట్ ఈ రెండింటి చుట్టూ తీగలా అల్లుకునేది. లొరెంజో టియో లాంటి గురువుల దగ్గర అక్కడి కుర్రాళ్లు పద్ధతిగా సాధన చేశారు. జాజ్ వాళ్లు చదువు లేకుండా వాయించారనే మాట నిజం కాదు. ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో చేసిన రికార్డుల్లో క్లారినెట్ వాయించిన జానీ డాడ్స్‌ను వినండి. నాదంలో కొంచెం చేదు ఉంటుంది, బ్లూస్ ఎత్తుకున్నప్పుడు స్వరం పూర్తిగా శ్రుతిలో కూర్చోకుండా కింది నుంచి ఒరుసుకుంటూ వస్తుంది. శాస్త్రీయ సంప్రదాయంలో దాన్ని దోషమంటారు. డాడ్స్ దగ్గర ఆ ఒరిపిడే మాట.

వాద్యం ఒకటే అయినా నాదం వేరుగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు ఇక్కడ బదులు చెప్పవచ్చు. జాజ్ వాద్యకారులు చాలామంది కొస దగ్గర ఎక్కువ తెరిచి ఉన్న మౌత్‌పీస్, మెత్తటి రీడు వాడతారు. పెదవి పట్టు సడలిస్తే స్వరం కిందికి వంగుతుంది, మళ్లీ పైకి జరుగుతుంది. జారు గమకానికి కావలసిన వదులు అది. శాస్త్రీయ వాద్యకారుడు ప్రతి స్వరమూ ముత్యంలా ఒకే పరిమాణంలో ఉండాలని బిగుతు పెంచుతాడు. ఆ జారుకు అందరికీ తెలిసిన ఉదాహరణ గెర్ష్‌విన్ ‘రాప్సడీ ఇన్ బ్లూ’ ఆరంభం. గెర్ష్‌విన్ రాసింది వరసగా పైకెక్కే స్వరాలు. సాధనలో క్లారినెట్ వాద్యకారుడు రాస్ గోర్మన్ సరదాగా వాటిని కలిపేసి ఒకే అరుపుగా జార్చాడు, గెర్ష్‌విన్ అలాగే ఉంచమన్నాడు. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్ శ్రోతలు విన్నది అదే.

సిడ్నీ బెషేను ఎక్కువమంది సొప్రానో సాక్సఫోన్ వాద్యకారుడిగా గుర్తుపెట్టుకున్నారు. 1919లోనే లండన్‌లో అతని క్లారినెట్ విని స్విస్ వాద్యబృంద నిర్వాహకుడు ఎర్నెస్ట్ ఆన్సెర్మే ఇతను ప్రతిభాశాలి అని వ్యాసం రాశాడు. ‘బ్లూ హొరైజన్’లో బెషే చేతిలో ఉన్నది క్లారినెట్టే. పన్నెండు గతుల బ్లూస్ చక్రం మళ్లీ మళ్లీ తిరుగుతుంది, మిగతావాళ్లు వెనక నిలబడతారు, అతను వదలకుండా వాయిస్తూనే ఉంటాడు. మంద్రస్థాయిలో నాదం అంత వెడల్పుగా ఎలా వస్తుందో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. ఆ రికార్డుతో పాటు వాయించాలని ప్రయత్నించాక తెలిసింది, అతను స్వరం ఎత్తుకున్నప్పటి నుంచి వదిలేదాకా దాన్ని ఒక్క క్షణమైనా ఊరికే ఉండనివ్వడు. కంపితం మొదట సన్నగా, చివరికి వచ్చేసరికి పెద్దదై, స్వరం ఆగిపోయాక కూడా గాలిలో ఊగుతున్నట్టు ఉంటుంది. వేగం లేదు, గారడీ లేదు. ఏడుపు ఉంది, ఏడుపులో నిటారుగా నిలబడటం ఉంది.

మంద్రస్థాయి అంటే జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ ‘మూడ్ ఇండిగో’ను దాటి వెళ్లలేం. 1930 నాటి రచన. మామూలుగా క్లారినెట్ పైన, ట్రంపెట్ మధ్యలో, ట్రాంబోన్ కింద ఉండాలి. ఎలింగ్టన్ వరసను తలకిందులు చేశాడు. మ్యూట్ పెట్టిన ట్రంపెట్ పైన, మ్యూట్ పెట్టిన ట్రాంబోన్ దాని కిందనే ఇరుకుగా, బార్నీ బిగార్డ్ క్లారినెట్ బాగా అడుగున. మొదటిసారి విన్నవారు అందులో క్లారినెట్ ఉందని పోల్చుకోలేరు, అది తీసేస్తే మాత్రం పాట కూలిపోతుంది.

జాజ్ క్లారినెట్ వాద్యకారులు బెన్నీ గుడ్‌మన్, ఆర్టీ షాలలో ఎవరు గొప్ప అనే తగువు 1930ల నుంచి నడుస్తూనే ఉంది. నా అభిప్రాయం దాచుకోను. కదలిక, ఉరవడి, తాళం మీద సవారీ కావాలంటే గుడ్‌మన్. పాట, తీగ సాగినట్టు పొడవైన వాక్యం, తారస్థాయిలో నిండుతనం కావాలంటే షా. 1940లో షా రికార్డు చేసిన ‘స్టార్‌డస్ట్’లో అతని వంతు కొద్దిసేపే, అయినా అందులో ఒక్క స్వరాన్ని మార్చలేం. షా 1954లో క్లారినెట్ పక్కన పెట్టేశాడు, 2004లో చనిపోయేదాకా వాద్యకారుడిగా మళ్లీ రాలేదు. గుడ్‌మన్‌ను పెద్ద బృందంతో కన్నా చిన్న బృందంతో వినమని నా సలహా. 1936లో టెడ్డీ విల్సన్ పియానో, లయొనెల్ హాంప్టన్ వైబ్రఫోన్, జీన్ క్రూపా డ్రమ్స్‌తో చేసిన ‘మూన్‌గ్లో’ చాలు. నల్లవారు, తెల్లవారు ఒకే వేదిక మీద కలిసి వాయించడం అరుదైన కాలంలో పుట్టిన సంగీతమిది. 1938 జనవరి 16న ఇదే మనిషి కార్నెగీ హాల్లో జాజ్ వాయించాడు. అదే ఏడాది బుడాపెస్ట్ క్వార్టెట్‌తో మొజార్ట్ క్వింటెట్ రికార్డు చేశాడు.

గుడ్‌మన్‌ను నేను ఇంతగా గౌరవించడానికి ఇంకో కారణం ఉంది. ప్రపంచమంతా పేరు వచ్చాక, నలభై ఏళ్ల వయసులో, ముందు చెప్పిన రెజినాల్డ్ కెల్ దగ్గర శిష్యుడిగా చేరాడు. చిన్ననాటి నుంచి అలవాటైన నోటిపట్టును మార్చుకున్నాడు. ఇది ఎంత కష్టమో వాయించేవారికే తెలుస్తుంది, నడక మళ్లీ నేర్చుకున్నట్టే. అతని వల్లే ఈ రెండు లోకాల మధ్య గొప్ప రచనలు పుట్టాయి. బార్టోక్ ‘కాంట్రాస్ట్స్’ 1938లో వచ్చింది. కోప్లాండ్ కన్చెర్టో 1950లో మొదటిసారి వినిపించింది. పూలాంక్ సొనాటాను 1963 ఏప్రిల్‌లో లెనర్డ్ బెర్న్‌స్టయిన్ పియానోతో గుడ్‌మన్ తొలిసారి వాయించాడు, అప్పటికి పూలాంక్ చనిపోయి రెండు నెలలు దాటింది. కోప్లాండ్‌లో మొదటి సగం మంచు పట్టిన మైదానంలా ఖాళీగా, నెమ్మదిగా సాగుతుంది. తరువాత క్లారినెట్ ఒంటరిగా మిగిలి, తనలో తాను ఆలోచించుకుంటూ మెల్లగా జాజ్ నడకలోకి మారుతుంది. ఆ మార్పు ఏ స్వరం దగ్గర జరిగిందో వేలు పెట్టి చూపించలేం. చివర్లో పైకి జారే పెద్ద జారు గెర్ష్‌విన్‌ను గుర్తుచేస్తుంది.

మూడో ప్రశ్న మిగిలింది. సాక్సఫోన్ ముందుకు రావడానికి కారణాలు ఒకటి కన్నా ఎక్కువే. యుద్ధం తరువాత పెద్ద బృందాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కొత్తగా వచ్చిన బీబాప్ అనే జాజ్ శైలిలో వేగం పెరిగింది, ప్రతి రెండు లెక్కలకూ స్వరాల ఆధారం మారిపోయేది. సాక్సఫోన్‌లో కింది స్థాయిలో నేర్చిన వేళ్ల అమరికే పై స్థాయిలోనూ పనికొస్తుంది. క్లారినెట్‌లో బ్రేక్ అడ్డం వస్తుంది, ఒకే పలుకును రెండు స్థాయిల్లో రెండు రకాలుగా నేర్చుకోవాలి. డ్రమ్స్ చప్పుడు కూడా పెరిగింది, క్లారినెట్ మంద్రస్థాయి దాన్ని తట్టుకోలేదు. ఆ వేగాన్ని ఈ వాద్యం మీద అందుకున్న కొద్దిమందిలో బడ్డీ డిఫ్రాంకో ముందువాడు. అతని వేళ్లకు దండం పెడతాను, ఇంటికి వచ్చి తీరిగ్గా వినేది మాత్రం వేరేవాళ్లను.

ఆ వేరేవాళ్లు ఇద్దరు. జిమ్మీ జూఫ్రీ పోటీకి దిగలేదు. గొంతు పెంచే బదులు చుట్టూ ఉన్న చప్పుడు తగ్గించాడు. డ్రమ్స్ తీసేశాడు. పాల్ బ్లే పియానో, స్టీవ్ స్వాలో బాస్, తన క్లారినెట్, అంతే. 1961, 1962లలో ఆ ముగ్గురూ చేసిన రికార్డులు అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, ఇప్పుడు వింటే నిన్న చేసినట్టు ఉంటాయి. మంద్రంలో ఊపిరి చప్పుడు, కీల టకటక కూడా సంగీతంలో భాగమయ్యాయి. రెండోవాడు ఎరిక్ డాల్ఫీ. అతను మరింత మంద్రంగా పలికే పెద్ద బాస్ క్లారినెట్ పట్టుకుని ‘గాడ్ బ్లెస్ ద చైల్డ్’ పాటను 1961లో ఎవరి తోడూ లేకుండా వాయించాడు. అట్టడుగు నుంచి పై అంచు దాకా ఒకే ఊపున ఎగిరి దిగుతూ, పాటను ముక్కలు చేసి మళ్లీ కూడగడతాడు. 36 ఏళ్లకే పోయాడు. బాస్ క్లారినెట్‌ను జాజ్‌లో ఒంటరిగా నిలబెట్టిన వారిలో అతనే ముందువాడు.

డెన్మార్క్ స్వరకర్త నీల్సన్ 1928లో రాసిన కన్చెర్టో గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు కానీ ఎక్కడో పేరు చూసి దాంతోనే మొదలుపెడతారేమోనని చెబుతున్నాను. ఓయె ఆక్సన్‌వాడ్ అనే వాద్యకారుడి ముక్కోపమూ మంచితనమూ రెండూ అందులో ఉన్నాయని చెబుతారు. స్నేర్ డ్రమ్ ఒకటి మాటిమాటికీ అడ్డుపడి క్లారినెట్‌తో జగడమాడుతుంది. అద్భుతమైన రచన, దాన్ని ఆరు నెలలు ఆగి వినండి.

ఈ వారానికి మాత్రం ఇలా చేయండి. ఒక సాయంత్రం మొజార్ట్ కన్చెర్టో రెండో భాగం, దాని వెంటనే ‘బ్లూ హొరైజన్’ వినండి. మధ్యలో వేరే ఏదీ పెట్టకండి. రెండింటిలోనూ మంద్రస్థాయి వచ్చినప్పుడల్లా ధ్వని కొంచెం పెంచండి. మరునాడు ‘మూడ్ ఇండిగో’లో అడుగున ఉన్న క్లారినెట్‌ను పట్టుకునే ప్రయత్నం చేయండి, దొరికేదాకా మళ్లీ మళ్లీ వినండి. బ్రామ్స్ క్వింటెట్‌కు అరగంటకు పైగా పడుతుంది, సెలవు రోజున ఫోను పక్కన పెట్టి మొదటి నుంచి చివరి దాకా ఒకేసారి వినండి. అయిదో గతిలో క్లారినెట్ ఎప్పుడు వచ్చిందో మీకు తెలిసిందో లేదో నాకు రాయండి. తెలియకపోతే మీరు విన్నది మంచి రికార్డింగే.